మెట్లగదిలో ప్లగ్గు

కొండవైపు తిరిగి, అరచేతిలో కర్పూరం ఆర్పి మరీ చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం.

మొన్న మా పాత మిద్దె ఎక్కితే పిట్టగోడ పక్కన ఎండకు కాగిన నీలం తీగముక్క ఒకటి దొరికింది. ఆ ప్లాస్టిక్ వాసన తగలగానే తిరుపతిలో మా వీధి, మిద్దెల నిండా ఆరబోసిన మిరపకాయలు, వడియాలు, బేనీషా మామిడి తొక్కలకు ముసిరే ఈగలు, ఇంటర్నెట్టు కోసం మా పెదనాయన ముందు చేతులు కట్టుకుని నిలబడిన జనం, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందుకొచ్చాయి.

అప్పుడు నేను పదో తరగతి పరీక్షలు రాసి సెలవుల్లో ఉన్నాను. టీవీ కేబుల్ నడిపే మునిరత్నం ఇకమీదట ఇంటర్నెట్టు కూడా ఇస్తానని చెప్పి, స్తంభం మీంచి మా మిద్దెకు ఒక తీగ లాగి, మెట్లగదిలో పచ్చలైట్లు మిణుకుమనే డబ్బా ఒకటి బిగించి, అందులోంచి వీధిలోని ఇళ్ళన్నిటికీ పిట్టగోడల మీదుగా తీగలు పంచాడు. డబ్బాకు కరెంటు మాది, బదులుగా మాకు నెట్టు ఉచితం. కొండ దిగొచ్చిన కోతులు ఆ తీగలు పట్టుకుని ఊగితే కంప్యూటర్లో బొమ్మలు కూడా ఊగేవి. నమ్మనివాళ్ళు కోతులనే అడగవచ్చు.

పెదనాయన ఘాట్ రోడ్డు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసి రిటైరైనవాడు. టికెట్టు లేని ముసలివాళ్ళను ఏ మలుపులో దించితే ఎండ బాగా తగులుతుందో తెలిసినవాడు. ఆయన కంప్యూటర్ ముట్టి ఎరుగడు గానీ ప్లగ్గు ఎక్కడుందో బాగా ఎరుగును. ఎవరైనా నమస్కారం పెట్టకపోయినా, తను మాట్లాడుతుండగా ఆవులించినా పోయి ప్లగ్గు పీకేసేవాడు. వీధంతా నెట్టు ఆగిపోయేది. తప్పు చేసినవాళ్ళు మురుకులో మామిడిపండ్లో తెచ్చి, మా మెట్ల కింద నిలబడి, నెట్టు వదలమని నలుగురికీ వినబడేలా అడగాలి. వాళ్ళ మురుకులే నములుతూ, వాళ్ళ గొంతులనే వెక్కిరిస్తూ పిల్లలం పడీపడీ నవ్వేవాళ్ళం.

ఆ ఏడు గంగజాతరకు పక్కింటి సుగుణక్క తమ్ముడు ఒళ్ళంతా కుంకుమ పూసుకుని బండవేషం వేశాడు. వేషంలో ఉన్నవాడు ఎంత బూతు తిట్టినా ఎవరూ కోపం తెచ్చుకోకూడదు, అది జాతర ఆనవాయితీ. వాడు సరిగ్గా మా వాకిట్లో నిలబడి, "ప్లగ్గు పీకే ముసలోడా, నీ పండ్లు పీకి గంగమ్మకు దండ కడతా" అన్నాడు. వీధంతా విరగబడి నవ్వింది. పెదనాయన కూడా నవ్వుతూనే మెట్లెక్కి పోయి ప్లగ్గు పీకాడు.

అదే సమయానికి సుగుణక్క బ్యాంకు ఉద్యోగానికి దరఖాస్తు నింపుతోంది. ఆ సాయంత్రం అయిదుకు గడువు. వచ్చే ఏటికి ఆమె వయసు దాటిపోతుంది. జాతర కనుక ఊళ్ళో ఇంటర్నెట్ సెంటర్లన్నీ మూసేశారు. పరుగున వచ్చి మా మెట్ల కింద నిలబడింది.

"వాడు వేషంలో అన్నాడు పెదనాయనా. గంగమ్మే తప్పు పట్టదు."

"నేను మాత్రం పట్టినానా మే? డబ్బా కాలిపోతాండాది, సల్లారనీ. రేపు రా."

"ఈ పొద్దే ఆఖరు."

"అట్లనా. అయితే ఈ పొద్దు దాటితే నీకు తొందరే ఉండదు గదా."

అప్పుడు వచ్చాడు మునిరత్నం. జాతర వేషానికని కట్టిన పట్టుచీర కొంగు నడుముకు బిగించి, కాళ్ళ గజ్జెలు ఘల్లుమంటుండగా, తీగ కొస పండ్లతో కరిచిపట్టి, స్తంభం మీంచి మిద్దెకు, మిద్దె మీంచి మిద్దెకు దూకుతూ, ఎవరి వడియాలూ తొక్కకుండా, సుగుణక్క కిటికీలోకి నేరుగా తీగ దించాడు. అయిదు కొట్టేలోపు దరఖాస్తు వెళ్ళిపోయింది. పెదనాయన మొహం మాడిన దోసె అయింది.

ఇప్పుడు ఆ డబ్బా లేదు, మిద్దెకూ మిద్దెకూ మధ్య తీగలు లేవు, నెట్టు కోసం ఒకరి వాకిట్లో ఇంకొకరు నిలబడే పనీ లేదు. పెదనాయన కూడా లేడు.

కర్పూరం ఆర్పాను కనుక చెప్పక తప్పదు. మునిరత్నం దూకిన భాగం నేను కల్పించింది. అతను జాతర గుంపులో ఎక్కడున్నాడో ఎవరికీ దొరకలేదు. సుగుణక్క మా మెట్లమీదే కూర్చుండిపోయింది. మేం ఆమెను దాటుకుంటూ ఎక్కుతూ దిగుతూ ఆడుకున్నాం. అయిదు దాటాక డబ్బాలో పచ్చలైట్లు వెలిగాయి. పెదనాయన పైనుంచి వంగి, ఎంతో ప్రేమగా పిలిచాడు.

"సుగుణా, నెట్టు వదిలినా. పో మే, పోయి సూసుకో."