పాక్ రదిమాన్ బండికి పట్టే ఆయిల్

పాక్ రదిమాన్ వయసెంతో మా కొండ మీద ఎవరినైనా అడగండి, నవ్వి ఊరుకుంటారు. పాక్ అంటే మా దగ్గర పెద్దాయన్ని పిలిచే మర్యాద మాట. ఆయన్నే అడిగితే యాభై ఎనిమిది అంటాడు. చాలా ఏళ్లుగా యాభై ఎనిమిదే అంటున్నాడు. ఆయన బండి వయసు అడిగితే మాత్రం పెద్ద ఉపన్యాసం వినాల్సొస్తుంది. ఇరవై రెండేళ్లుగా వింటున్నదాన్ని, చెప్తున్నాను.

డబ్బాలాంటి పాత బండి అది. వెనక సీట్లు పీకేసి ఎదురెదురుగా రెండు బల్లలు వేయించాడు. పొద్దున్నే ఆరుగురు ఆడవాళ్లం బుట్టలతో ఎక్కి కూర్చుంటాం. నలుగురివి కూరగాయలు, జిన్నెమ్ అక్కవి కషాయం సీసాలు, నావి ఆకుల్లో చుట్టిన టెంపే దిమ్మలు. సోయాగింజలు పులియబెట్టి నా చేత్తో చేసినవి. లావు అనే మా కొండ దిగి కరంగన్యర్ సంతలో మమ్మల్ని దింపుతాడు, మధ్యాహ్నం మళ్లీ ఎక్కించుకొస్తాడు.

ఆ బండి మీటరుకి ఐదంకెలే. లక్ష కిలోమీటర్లు నిండగానే అన్నీ సున్నాలై కూర్చుంటాయి. బుద్ధున్నవాడెవడైనా లక్ష అయిపోయిందనుకుంటాడు. పాక్ రదిమాన్ మాత్రం బండి మళ్లీ పుట్టిందన్నాడు! బండికి పూలనీళ్లతో స్నానం చేయించి, పసుపన్నం గోపురంలా పోసి, మసీదు పెద్దను పిలిచి ప్రార్థన చేయించి, వీధి వీధంతటికీ భోజనం పెట్టాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడుసార్లూ మేం వెళ్లాం, తిన్నాం, కోడికూర మారు వడ్డించుకున్నాం కూడా. అంత తిన్నాక "పాక్, మీ బండి ముసలిదైపోయింది" అని ఏ మొహం పెట్టుకుని అంటాం?

మూడో పుట్టుక తర్వాత అసలు పీడ మొదలైంది. పట్నంలో స్పేర్‌పార్టుల కొట్టుకి వెళ్లి, బండి మూడు వేలు నడిచిందని చెప్పి ఆయిల్ అడిగాడట. ఆ కొట్టతను పాపం నమ్మి కొత్త బండ్లకు పోసే పల్చటి ఆయిల్ ఇచ్చాడు. ఈయన ఆ డబ్బా తెచ్చి మాకు ఊపి చూపించాడు.

"చూడు వర్సితీ, ఎంత తేటగా ఉందో! కుర్ర ఇంజిన్లకి ఇదే పోస్తారట."

రెండు వారాలు తిరక్కుండానే పొగ. ఎక్కుడు రాగానే వెనకంతా నీలంగా కమ్ముకునేది. వెనక తలుపు సరిగ్గా పడదు కాబట్టి అందులో సగం మా ముక్కుల్లోకి, మిగతా సగం నా బుట్టలోకి. ఎప్పుడూ నా దగ్గరే కొనే ఆవిడ ఒకరోజు టెంపే తీసి వాసన చూసి, "ఏమ్మా, ఇవాళ పొగబెట్టి తెచ్చావా?" అని నవ్వి, పక్కదాని దగ్గర కొనుక్కుని పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

తిరుగు ప్రయాణంలో అనేశాను. "పాక్, వచ్చే పోన్ సంత నాటికి ఈ పొగ ఆగాలి. ఆగకపోతే ఆరుగురం పర్నో బండెక్కుతాం."

పర్నో నెల కింద కొత్త వ్యాను కొన్నాడు. మా నాలుగురోడ్ల దగ్గరే కాపు కాస్తుంటాడు. పోన్ సంతేమో రోజువారీది కాదు, ఐదు రోజులకోసారి వచ్చే పెద్ద సంత, అంటే ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి.

పాక్ రదిమాన్ గేరు మార్చి బండి పోనిచ్చాడు. భార్య పోయి తొమ్మిదేళ్లయింది. పొద్దున్నే లేచి తలదువ్వుకుని మా కోసం బండి తీయడమొక్కటే ఆయనకు మిగిలిన పని. మేం దిగిపోతే ఎక్కేవాళ్లు లేరు. అదంతా తెలిసే అన్నాను. అన్నాక నాలుక కొరుక్కున్నాను కానీ మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. నా ఇల్లూ గడవాలి కదా!

మర్నాడు సంత అయ్యాక నేనూ జిన్నెమ్ అక్కా ఆయన్ని దగ్గరుండి మెకానిక్ హెరు షెడ్డుకి తీసుకెళ్లాం. ఒక్కణ్ణే పంపితే మళ్లీ ఏం చెప్పి ఏం పోయించుకొస్తాడో నమ్మకం లేదు.

"ఎంత నడిచింది పాక్?" అన్నాడు హెరు.

"నాలుగు వేల రెండు వందలు. మీటరు చూసుకో."

హెరు బానెట్ ఎత్తి, ఆయిల్ కొలిచే పుల్ల లాగాడు. కొసన కాస్త తడి తప్ప ఏమీ లేదు.

"పోసిన ఆయిలంతా ఏమైంది పాక్?"

"ఎదిగే వయసు కదా, తాగుతోంది."

"నాలుగు వేల బండి ఇంత తాగదు. రింగులు అరిగాయి, సీళ్లు ఎండి గట్టిపడ్డాయి. ఇంత పల్చటిది వేడెక్కగానే సందుల్లోంచి జారి కాలిపోతోంది. ఆ నీలంపొగ అదే."

"అయితే లారీలకి పోసే చిక్కటిది పోసి పారెయ్, పీడా పోతుంది!" అన్నాను.

"అలా కాదక్కా. పొద్దున్నే మీ కొండ మీద చలెంత? అంత చిక్కటిది అడుగున గడ్డలా కూర్చుంటుంది. అది పైకి చేరేలోపు ఇంజిన్ పొడిగా తిరిగి ఇంకా అరుగుతుంది. చలిలో పారాలి, వేడికి నీళ్లవకూడదు. దీనికి పది-నలభై నంబరు ఆయిల్ సరిపోతుంది. అందులోనూ లక్ష దాటిన ఇంజిన్లకని వేరే రకం ఉంది, గట్టిపడ్డ సీళ్లని కాస్త మెత్తబరుస్తుంది."

లోపలికెళ్లి డబ్బా తెచ్చి పెట్టాడు. దాని మీద పెద్ద అక్షరాలతో 'వయసు మీరిన ఇంజిన్లకు' అని ఉంది. పాక్ రదిమాన్ కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు.

"ఇది ఎవరికి?"

"మీకే పాక్."

అంతే, ఒంటికాలి మీద లేచాడు. "నాకా? నా బండి పుట్టి ఏడాదైనా కాలేదు! ముసలి బండ్ల మందు తెచ్చి నా బండి నోట్లో పోస్తావా?" అని విసవిసా బయటికి నడిచి, షెడ్డు ముందు బల్ల మీద కూలబడ్డాడు.

హెరు డబ్బా కింద పెట్టేశాడు. "ఆయన నోటితో అసలు లెక్క చెప్తేనే పోస్తాను. లేకపోతే కొత్త బండిని పాడు చేశానని ఊరంతా నన్నే తిట్టిపోస్తాడు."

నాకైతే ఆ డబ్బాతోనే ఆయన నెత్తిన ఒకటి మొట్టాలనిపించింది. జిన్నెమ్ అక్క మాత్రం తొణకలేదు. వెళ్లి ఆయన పక్కన బుట్ట దించింది.

"నాది నాకు పోసివ్వు జిన్నెమ్," అన్నాడాయన మొహం మాడ్చుకుని. "గుడ్డుసొన వేసి." అది పడుచువాళ్లు తాగే కషాయం. రోజూ అదే అడుగుతాడు.

అక్క నల్లటి సీసా తీసి గ్లాసు నింపింది.

"ఇదేంటి?"

"చేదు కషాయం. కీళ్లకి మంచిది."

"కీళ్లనొప్పులు ముసలాళ్లకి. నాకు యాభై ఎనిమిది."

"పెద్ద వరదొచ్చిన ఏడు మా అమ్మను వీపున వేసుకుని ఏరు దాటించిందెవరు పాక్?"

"ఇంకెవరు, నేనే!" ఛాతీ పొంగింది. "నిండు చూలాలు. పీకల్లోతు నీళ్లు. ఇంకొకడైతే మునిగేవాడు."

"ఆ కడుపులో ఉన్నది నేనే. నాకిప్పుడు యాభై రెండు. అంటే ఆరేళ్ల పిల్లాడిగా నిండు చూలాలిని మోశారా?"

నేను నవ్వాపుకోలేక పొట్ట పట్టుకున్నాను. లోపల హెరు చేతిలోంచి స్పానర్ జారి పడింది.

జిన్నెమ్ అక్క నవ్వలేదు. "పదకొండేళ్లుగా మీరు తాగుతున్నది ఇదే పాక్. మీ మనసు నొప్పించడం ఇష్టం లేక తేనె ఎక్కువేసి, సొన కొట్టి ఇచ్చాను. మీరడిగింది పోసుంటే మీ కడుపు ఏనాడో మండిపోయేది. మనిషిని చూసి పోస్తాను నేను, మనిషి చెప్పింది విని కాదు. అందుకే ఇవాళ్టికీ ఆ బండెక్కి కూర్చోగలుగుతున్నారు."

ఆయన గ్లాసు అందుకున్నాడు. గటగటా తాగి, మొహం వికారంగా పెట్టి, గ్లాసు తిరిగిచ్చాడు. నా వైపు మాత్రం చూడలేదు.

"నంబరు నోటితో అంటే మీరంతా దిగిపోతారనుకున్నాను వర్సితీ," అన్నాడు. "అంత నడిచిన బండిలో ఎవరెక్కుతారు? అంత ముసలాడు నడిపే బండిలో?"

నోరున్నదాన్నని ఊళ్లో నాకు పేరు. ఆ పూట మాత్రం అక్క చేతిలోని గ్లాసు తీసుకుని కడుగుతూ నిలబడ్డాను. ఆయన వీపు మీద చెయ్యి వేద్దామనుకున్నాను, వేయలేకపోయాను.

ఆయన లేచి చొక్కా సర్దుకుని లోపలికి వెళ్లాడు. "మూడు లక్షల నాలుగు వేల రెండు వందలు," అన్నాడు గట్టిగా. "నాకు డెబ్భై నాలుగు." రెండోది హెరు అడగనే లేదు.

హెరు చేతులు తుడుచుకున్నాడు. "ఇంజిన్ ఎప్పుడైనా విప్పించారా పాక్?"

"లేదు."

"మూడు లక్షలు విప్పకుండానా!" వంగి మళ్లీ ఇంజిన్‌లోకి చూశాడు. తర్వాత పక్క టైర్ల కొట్టతన్ని, ఎదుటి వెల్డింగ్ అతన్ని కేకేసి పిలిచాడు. వాళ్లొచ్చి బానెట్ చుట్టూ నిలబడి, ఎన్నాళ్లకోసారి ఆయిల్ మారుస్తారు, ఎక్కుడు దారిలో ఏ గేరులో పోతారు అని వినయంగా అడగడం మొదలుపెట్టారు. పాక్ రదిమాన్ ముందు గొణిగాడు. హెరు ఆ డబ్బా ఆయిల్ పోసేలోపు కాస్త గొంతు పెంచాడు. చివరికి మేమే రెక్క పట్టుకుని లాక్కురావాల్సొచ్చింది.

పోన్ నాడు పొద్దున్నే ఎక్కాం. మీటరు అద్దం మీద, సున్నా-నాలుగు-మూడు అని తిరుగుతున్న అంకెలకి ముందు, ఎర్ర గోళ్లరంగుతో పెద్ద '3' గీసి ఉంది. ఇంట్లో కోడలిది అడక్కుండా తీసి ఉంటాడు. ఎక్కుడు దారిలో పొగ ఇంకా కాస్త వచ్చింది. ఒక్క ఆయిల్‌తో మొత్తం పోదని హెరు ముందే చెప్పాడు. బుట్టల్లోకి మాత్రం రాలేదు.

నాలుగురోడ్ల దగ్గర పర్నో వ్యాను పక్కకొచ్చి ఆగింది. అద్దం దించాడు. "అక్కలూ, ఆ ముసలి బండిలో ఊపిరెలా ఆడుతోంది? ఇటు రండి, ఏసీ వేశాను!"

మిగతా ఐదుగురూ నా వైపు చూశారు. దిగిపోతామని బెదిరించింది నేనే కదా. నేను పాక్ రదిమాన్ మెడ వైపు చూశాను. వారం కింద ఆ మాట చెవిన పడుంటే పర్నో కాలర్ ఆయన చేతిలో ఉండేది.

ఆయన కిటికీలోంచి తీరిగ్గా వంగాడు. "దీనిది మూడు లక్షల నాలుగు వేల మూడు వందలు తమ్ముడూ. నీది ఎంత?"

"ఎనిమిది వందలు," అన్నాడు పర్నో.

"పసిగుడ్డు. కొండ దారి, జాగ్రత్తగా పోనీ."

వెనక బల్లల మీద ఒకటే నవ్వు. ఆయన మాత్రం నవ్వలేదు. అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు, దిగుతానా లేదా అని. నేను ఆ పడని తలుపుని కాలితో గట్టిగా లాగి మూశాను. "పోనివ్వండి పాక్, టెంపే చల్లారిపోతోంది," అన్నాను. టెంపే వేడిగా అమ్మేదేమీ కాదు. నోటికొచ్చింది అనేశాను.