ఉప్పు మూట

నిన్న నా మోకాలి నొప్పికని కోడలు పెనం మీద ఉప్పు వేయిస్తుంటే, ఆ వేడి వాసనకు నా చెయ్యి దానంతటదే కుడి దవడ మీదికి పోయింది. సుగుణ సిస్టరమ్మ గుర్తొచ్చింది. ఎనభైల్లో, మణుగూరు బొగ్గుగనుల కాలనీలో మాకూ ఆమెకూ ఒకటే గోడ. డిస్పెన్సరీలో నర్సు.

కాపురానికి వచ్చిన కొత్తలోనే నాకు జ్ఞానదంతం అడ్డంగా మొలిచింది. కొత్తగూడెంలో తీయించుకుని బస్సు దిగేసరికి చెంప ఉబ్బుతోంది. మా కాలనీలో బొగ్గుకు కొదవ లేదు, ఏ ఇంట్లోనూ పొయ్యి ఆరదు. కాలు బెణికినా, కడుపు నొచ్చినా కాపడమే మందు. అత్తమ్మ పాపం ప్రేమగానే వేడి ఉప్పు మూట కట్టింది. అది నా చెంపకు తగలబోతుండగా సిస్టరమ్మ పరుగున వచ్చింది.

"ఇయ్యాల వేడి పెట్టొద్దు పెద్దమ్మా! నెత్తురు మళ్ల కారుతది, వాపు ఇంకింత పెరుగుతది."

"గట్లెట్ల? నొప్పికి కాపడం పెట్టకుంటె ఇంకేం పెడ్తరు?" అత్తమ్మ చిన్నబుచ్చుకుంది.

సిస్టరమ్మ సోడా కొట్టు నుంచి ఐసు తెప్పించి, గుడ్డలో చుట్టి, కాసేపు పెడుతూ కాసేపు తీస్తూ కూర్చుంది. నన్ను ఉమ్మనివ్వలేదు, పుక్కిలించనివ్వలేదు. తల ఎత్తుగా పెట్టి పడుకోబెట్టింది.

మర్నాడు చెంప ఇంకా ఉబ్బింది. మా ఊళ్లో ఒకాయన పంటి వాపు గొంతుకు దిగి చనిపోవడం చిన్నప్పుడు చూశాను. నాకూ అదే రాసిపెట్టి ఉందని ఒకటే దడ. మా ఆయన షిఫ్టుకని బొగ్గు బాయిలోకి దిగిపోయాడు. అత్తమ్మ మూట వంక చూస్తూ, ఐసు వల్లే ఇదంతా అని గొణుగుతోంది. సిస్టరమ్మ వచ్చి "ఏం కాదు" అంటుందని ఎదురుచూశాను. అనలేదు.

"రెండో దినం వాపు పెరుగుడు మామూలే. గని జ్వరమొచ్చినా, మింగరాకున్నా ఆగొద్దు. జీపు పిలిపిస్త. నోరు తెరువు."

నోరెంత తెరుచుకుంటుందో నా పళ్ల మధ్య వేళ్లు పెట్టి చూసింది. ఒక్కటే పట్టింది. వేలు తీసి, కుర్చీ నా మంచం దగ్గరికి జరుపుకుంది.

"నీకూ భయమేనా సిస్టరమ్మా?" ముద్దముద్దగా అడిగాను.

"అవ్. గందుకే ఇంటికి పోతలేను. ఈడనే కూసున్న."

ఎందుకో గాని, ఆ మాట విన్నాకే నాకు నిద్ర పట్టింది.

ఆ మరుసటి దినం రెండు వేళ్లు పట్టాయి. జ్వరం రాలేదు. సిస్టరమ్మ ఆ ఉప్పు మూటను తనే తెచ్చి అత్తమ్మ చేతిలో పెట్టింది. "ఇగ పెట్టు పెద్దమ్మా, గోరువెచ్చగ. ఇప్పుడు నీ మందే కావాలె." అత్తమ్మ ముఖం అప్పుడు చూడాలి!

తర్వాత ఆమెకు బదిలీ అయింది, మళ్లీ చూడలేదు. ఇంట్లో ఎవరు మంచం పట్టినా "ఏం కాదు" అనడానికి ఇప్పటికీ నాకు నోరు రాదు. మొన్న మనవరాలి ఒళ్లు జ్వరంతో కాలిపోతుంటే కుర్చీ దాని మంచం దగ్గరికి జరుపుకున్నాను.

"భయమైతుందా నానమ్మా?" అంది.

"అవ్, బిడ్డా. ఈడనే కూసున్న."