నీళ్ళు చిమ్మని మోటారు

మా ఆయన పనిచేయని వస్తువును ముందు కొట్టి చూసేవాడు. బోరు స్టార్టరును చెప్పుతో కొట్టేవాడు. ఎద్దు మొరాయిస్తే రక్తం కారేదాకా ముల్లుగర్రతో పొడిచేవాడు. నా సంగతీ అంతే. అన్నం చల్లారిందనో, ఫోను ఎత్తలేదనో చెయ్యి లేచేది. అందుకే పడవ మోటారును ఆయన బండరాయితో కొట్టినప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు. ఆ తర్వాత జరిగిందే కొత్త.

మాది తనకల్లు వైపు పల్లె. వానొస్తే వేరుశెనగ, రాకపోతే బెంగళూరులో కూలి. ఎక్కడో ఉన్న కృష్ణ నీళ్ళను కాలువలో తెచ్చి మా ఊరి పక్కన డ్యామ్ నింపినప్పుడు మా చేను మునిగిపోయింది. చేను పోయిన ఇళ్ళకు ఆ నీళ్ళలో చేపలు పట్టుకునే హక్కు వచ్చింది. బోరు నీళ్ళు తప్ప ఎరగని వాళ్ళం పడవ ఎక్కాం. పడవ మా ఆయనదీ, మా మరిదిదీ ఉమ్మడి. మోటారు మాత్రం మరిది నెల్లూరు వైపు సముద్రం ఒడ్డుకు పోయి పాతది చూసి తెచ్చాడు. తనను అడక్కుండా తెచ్చాడని మా ఆయనకు ఆనాటి నుంచే కడుపుమంట. మోటారు ఒక్కసారి దగ్గినా తమ్ముడి మీదికి లేచేవాడు.

ఆ మోటారు పడవ వెనక చెక్కకు తగిలించి ఉంటుంది. పైన ఇంజను, కింద నీళ్ళలోకి దిగిన పొడుగాటి కాలు, కాలి చివర పంకా. కాలికి అటూ ఇటూ చీలికలు. వాటిలోంచి డ్యామ్ నీళ్ళే పైకెక్కి, ఇంజను చుట్టూ తిరిగి, దాన్ని చల్లబరిచి మళ్ళీ బయటికి పోతాయి. నీళ్ళు తిరుగుతున్నాయనడానికి గుర్తు, మూత కింద చిన్న బొక్కలోంచి సన్నటి ధార చిమ్ముతూ ఉండడం. "మోటారు ఉచ్చ పోస్తాండాలి వదినా. ఆగిందంటే ఎంటనే ఆపేయాల," అని మరిది నాకు పడవ ఎక్కిన ప్రతిసారీ చెప్పేవాడు.

మా తోటికోడలికి జ్వరం వచ్చిన రోజు ఆమె బదులు నేను పోయాను. ముగ్గురం. పొద్దున్నే అవతలి గుట్ట కింద వలలు ఎత్తి, చేపలు పడవలో పోసుకుని తిరిగి బయలుదేరాం. డ్యామ్ నడిమధ్యకు వచ్చేసరికి రంగు మాడిన వాసన వచ్చింది. ఇంజను గొంతు మారింది. తొంగి చూస్తే ధార లేదు.

"నీళ్ళు రాల్యా," అన్నాను.

"అన్నా, ఆపు. కాలిపోతాండాది," అన్నాడు మరిది.

"గట్టుకు పోయి ఆపుతా. ఎండలో ఈడ కూసోవాల్నా?" అని మా ఆయన పిడి ఇంకా తిప్పాడు. ఇంజను అరిచింది. మూత సందుల్లోంచి పొగ వచ్చింది. ఇనుమును ఇనుము కొరికినట్టు ఒక చప్పుడు చేసి ఆగిపోయింది.

ఆయన లేచాడు. లంగరుకు కట్టే బండరాయిని రెండు చేతులతో ఎత్తి మూత మీద వేశాడు. మూత పగిలింది. మళ్ళీ ఎత్తాడు. మరిది ఆ చేతులు పట్టుకున్నాడు.

"యాడిదో తుక్కు తెచ్చి నా నెత్తిన పెట్టినావు గదరా!"

"తుక్కు కాదన్నా, నువ్వు తుక్కు చేసినావు!"

ఆ మాటతో రాయి వదిలి తెడ్డు అందుకున్నాడు. నేను అడ్డం పోయేలోపల దాన్ని అడ్డంగా తిప్పి తమ్ముడి తల మీద కొట్టాడు. తెడ్డు మధ్యకు విరిగి సగం నీళ్ళలో పడింది. మరిది చెవి పైభాగం చీలి వేలాడింది. అతను చేపల మీద పడ్డాడు. పడినవాడు ఊరుకోలేదు. వల కోసే కత్తి చేతికందితే లేచి అన్న ముంజేతి మీద గీశాడు. చర్మం తెరుచుకుని తెల్లగా కనిపించింది, తర్వాత ఎర్రగా నిండింది. ఇద్దరూ ఒకరి గొంతు ఒకరు పట్టుకుని పడవ అడుగున దొర్లారు. వాళ్ళ కింద చేపలు నలుగుతున్నాయి. పడవ ఒక పక్కకు ఒరిగి నీళ్ళు లోపలికి దూకాయి.

నాకు ఈత రాదు. బతకాలనే ఆశ ఒక్కటే ఆ క్షణంలో నాతో పనిచేయించింది. మరిది చేతిలోంచి జారిన కత్తిని నేను తీసుకున్నాను. మా ఆయన జుట్టు పట్టి వెనక్కి లాగి, కత్తి మొన మెడకు ఆనించాను. "లెయ్! ముందుకు పోయి కూసో!" అన్నాను. పెళ్ళయినాక ఆయన మీద గొంతు ఎత్తడం అదే మొదలు. ఆయన నా ముఖం చూసి, ఏం కనిపించిందో ఏమో, పడవ ముందు కొసకు పోయి కూర్చున్నాడు.

తెడ్డు లేదు. గట్టు ఎంతో దూరంలో బూడిద రంగు గీతలా ఉంది. అరిచినా వినే దిక్కు లేదు. మరిది తల కింద ఎర్రటి మడుగు పెరుగుతోంది. నా కొంగు చించి చెవి మీదుగా బిగించి కట్టాను. ఆ మోటారు తిరిగితేనే అతను బతుకుతాడు.

పగిలిన మూత తీసేశాను. లోపలి సెగ ముఖానికి కొట్టింది. తొందరలో చెయ్యి ఆనించి అరచెయ్యి కాల్చుకున్నాను. డబ్బాతో నీళ్ళు ముంచి పోయబోతే, కళ్ళు మూసుకుని పడుకున్న మరిది గొణిగాడు. "వద్దొదినా. సల్ల నీళ్ళు పోస్తే పగుల్తాది. దానంతట అది ఆరాల."

ఆరేదాకా కాలు పైకి వంచి చూశాను. చీలికల మీద ఎరువు సంచి పీలికలు, పాచి కలిసి జిగటగా అతుక్కుని ఉన్నాయి. కత్తి మొనతో గీకి అంతా తీసేశాను. తాడు లాగాను. లేవలేదు. కాలిన అరచెయ్యిలో తాడు దిగబడింది. లాగుతూనే ఉన్నాను. చివరికి దగ్గి లేచింది. బొక్కలోంచి ధార రాలేదు, చుక్కలు చుక్కలుగా కారింది. కొంచెం దూరం నెమ్మదిగా నడిపి, వాసన మొదలవగానే ఆపి, ఆరాక మళ్ళీ లాగి, అలా పోయాం.

సగం దారిలో మా ఆయన లేచి వచ్చాడు. "ఇట్లా పోతే సాయంత్రమైతాది. ఇటియ్యి."

"ఇంకో అడుగు ఏసినావంటే పొడుస్తా," అన్నాను. పొడిచేదాన్నే. ఆ సంగతి ఇద్దరికీ తెలిసింది. ఆయన నీళ్ళలోకి ఉమ్మి వెనక్కి పోయాడు.

గట్టు మీద తోటికోడలు జ్వరంతోనే నిలబడి ఎదురు చూస్తోంది. పడవ అడుగున మొగుణ్ణి చూసింది. వంగి గులకరాయి తీసుకుని, అప్పుడే దిగుతున్న మా ఆయన నోటి మీద విసిరి కొట్టింది. ముందు పళ్ళు విరిగి రక్తంతో సహా చేతిలో పడ్డాయి. ఆయన ఆమె మీదికి పోబోతే గట్టు మీది మనుషులు పట్టుకున్నారు.

మరిదిని ఆటోలో కదిరికి తీసుకుపోయాం. కుట్లు వేశారు. ప్రాణం నిలిచింది గానీ ఆ చెవి ఇక వినిపించలేదు. పెద్దమనుషులు వచ్చి, అన్నదమ్ముల గొడవ వీధికెక్కించొద్దన్నారు. అడిగినవాళ్ళకు పడవలో జారి పడ్డాడనే చెప్పాం. మా ఆయన తాడిపత్రిలో బండలు పాలిష్ చేసే చోట పనికి పోయాడు. ఇంట్లో చప్పుడు లేని పొద్దులు మొదలయ్యాయి. నాకు నిద్ర పట్టడం మొదలైంది.

మరిది మంచం మీద ఉంటే తిండి గడవాలి కదా. నేనూ తోటికోడలూ మోటారును కొట్టంలోకి మోసుకొచ్చి విప్పాం. ఉప్పు పట్టి బోల్టులు కరుచుకుపోయాయి. కిరసనాయిలు పోసి నానబెట్టి, పానాకు ఇనప గొట్టం తొడిగి ఇద్దరం వేలాడితే ఒక్కొక్కటే కిర్రుమంటూ కదిలాయి. ఒకటి తిరక్కుండా తెగిపోయి తోటికోడలి వేళ్ళు గోడకు కొట్టుకుని తోలు లేచింది. ఆమె మోటారును, అమ్మిన వాడిని, వాడి వంశాన్ని తిట్టి మళ్ళీ పానా పట్టింది.

కాలు ఊడదీస్తే లోపల నీళ్ళు తోడే రబ్బరు చక్రం కనిపించింది. బోర్లు బాగుచేసే మా నాయన వాటికి వేసే ఇంపెల్లర్ లాంటిదే, చిన్నది. దాని రెక్కలు కొన్ని విరిగిపోయి ఉన్నాయి. విరిగిన ముక్కలు పైకి పోయి గొట్టంలో ఇరుక్కున్నాయి. వాటిని తీగతో లాగాం. కొత్త చక్రం తెప్పించి వేసి, పగిలిన మూత పక్కన పెట్టి, నీళ్ళ డ్రమ్ములో నిలబెట్టి నడిపాం. ధార వచ్చింది. సంతోషపడే లోపల సన్నబడింది. ఇంజను తల మళ్ళీ పట్టుకోలేనంత కాలింది.

"పైన ఇంగోటి ఉండాది," అన్నాడు మరిది మంచం మీది నుంచి. "వేడెక్కితే తెర్సుకునే బిళ్ళ. అది సూడండి."

తెరిచాం. సముద్రంలో నడిచినన్నాళ్ళు పేరుకున్న ఉప్పు, సున్నపు గారలాగా గట్టిపడి దారులన్నీ మూసేసింది. బిళ్ళను గిన్నెలో వేసి నీళ్ళు మరిగించాం. మరిగినా తెరుచుకోలేదు. చచ్చిపోయింది. దాన్ని మార్చాల్సిందే. దారుల గార మాత్రం కత్తితో రాలేదు. ఇత్తడి బిందెల చిలుం తీసేదానితోనే తీద్దామని తోటికోడలు చింతపండు నానబెట్టింది. చిక్కటి పులుసు వేడి చేసి దారుల్లో పోసి, నానబెట్టి, పుల్లతో పొడిచి, కడిగి, మళ్ళీ పోశాం. తెల్లటి పెళ్ళలు ఊడి వచ్చాయి.

కొత్త బిళ్ళ వేసి మళ్ళీ డ్రమ్ములో నడిపిన మధ్యాహ్నం ధార వేలంత లావున చిమ్మి కొట్టం గోడను తడిపింది. అప్పుడే మా ఆయన వాకిట్లోకి వచ్చాడు. చేతిలో గొడ్డలి. కల్లు వాసన.

"నా పడవ, నా మోటారు. నేను లేకుండా నడిపేదానికి మీరెవురే?"

గొడ్డలి లేపి డ్రమ్మును నరికాడు. నీళ్ళు ఒక్కసారిగా వాకిలంతా పరుచుకున్నాయి. కాలికి నీళ్ళు లేక మోటారు ఎండు గొంతుతో కూత పెట్టింది. పారిపోవాల్సిన దాన్ని పారిపోలేదు. నీళ్ళు లేకుండా తిరిగితే ఆ రబ్బరు చక్రం లిప్తలో కాలిపోతుంది. ముందుకు దూకి ఆపే బొత్తం నొక్కాను. గొడ్డలి వెనక మొద్దు నా భుజం మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు నా చెవులకే వినిపించింది.

మరిది ఎప్పుడు లేచాడో తెలియదు. వెనక నుంచి వచ్చి అన్న మెడ చుట్టూ చెయ్యి వేసి నేలకు అదిమాడు. గొడ్డలి జారింది. మా ఆయన ముఖం నల్లబడింది. కాళ్ళు బురదలో తన్నుకున్నాయి.

"సంపు," అంది తోటికోడలు. "వాన్ని ఇడ్సిపెడ్తే మనల్ని సంపుతాడు. సంపు."

నేను నేల మీదే ఉన్నాను. మా ఆయన చావాలని నాకూ ఉంది. దాచుకోవడానికేం లేదు. కానీ మరిది ముఖం చూస్తే అచ్చం వాళ్ళ అన్న ముఖమే కనిపించింది.

"అబ్బీ, వదులు! వీన్ని సంపి నువ్వు జైలుకు పోతావా? నీ పెండ్లాన్ని ఎవురు సాకేది?" అని అరిచాను. వినిపించలేదు. చెవిటి పక్కన ఉన్నాను. పాక్కుంటూ అటు పోయి, మంచి చెవిలో మళ్ళీ అరిచాను. అప్పుడు వదిలాడు. వదిలి, గోడకు ఆనుకుని చిన్నపిల్లాడిలా ముడుచుకుని కూర్చున్నాడు.

ఈసారి పెద్దమనుషుల మాట వినలేదు. భుజానికి కట్టుతోనే స్టేషన్‌కు పోయి, మొదటి రోజు తెడ్డు దెబ్బ నుంచి ఉన్నదంతా చెప్పాను. మరిది కత్తి గీత కూడా దాచలేదు. మా ఆయన కొన్నాళ్ళు లోపలున్నాడు. బయటికి వచ్చాక మళ్ళీ తాడిపత్రికి పోయాడని విన్నాను. ఒకసారి బంధువు చేత కబురు పంపాడు, మనిషి మారినాడంట, రమ్మంటావా అని.

"మారినాడంటే మంచిదే. ఆడనే మారి ఉండమను," అన్నాను.

నా భుజం వంకరగా అతుక్కుంది. తాడు ఎడమ చేత్తో లాగడం నేర్చుకున్నాను. పొద్దున్నే నేనూ తోటికోడలూ పోతాం. మరిది గట్టు మీద వలలు బాగుచేస్తాడు. ఆమె పిడి పట్టుకుంటుంది, నేను వలలు ఎత్తుతాను. పోయిన వారం గుట్ట కింద మోయలేనన్ని బొచ్చె చేపలు పడ్డాయి. తిరుగుదారిలో ఆమె జ్వరపడ్డ నాటి సంగతి ఎత్తి, "ఆ పొద్దు నేనే వచ్చుంటే ఏమయ్యేదో అక్కా," అంది.

"గట్టు మీద ఇసిరిన ఆ రాయి పడవలోనే ఇసిరేదానివి," అన్నాను.

ఆమె పగలబడి నవ్వింది. నవ్వుతూ పడవను నీళ్ళలో మునిగిన కంపచెట్ల మీదికి తోలింది. వలకు ముళ్ళు తగులుకున్నాయి. వాటిని విడదీసుకుని గట్టు చేరేసరికి ఎండ నెత్తికెక్కింది.