కోట కొండ మెట్ల దగ్గర, పది గంటలకు

కాదండీ, దారి తప్పలేదు. బస్సులు దొరికాయి, ఆటోవాళ్ళు మోసం చెయ్యలేదు, వాన కూడా పడలేదు. కొండవీడు లోయలో నాలుగు రోజులు ఉండి చుట్టుపక్కల చూద్దామనుకునేవాళ్ళు ఇది చదివి మానుకోవద్దు. చోటు మంచిదే. మాకు జరిగిన దాంట్లో చోటు తప్పేమీ లేదు.

వెళ్ళడానికి పైకి చెప్పిన కారణం అమ్మ దగ్గు. అమ్మ చిలకలూరిపేటలో ఒక జిన్నింగ్ మిల్లులో పత్తి ఏరుతుంది. నాన్న అదే మిల్లులో బేళ్ళు కట్టే ప్రెస్సు దగ్గర పని. సీజను అయ్యేసరికి అమ్మ గొంతు నిండా దూదే. గాలి మారితే మంచిదని డాక్టరు అన్నాడు. మిల్లు యజమానికి కొండవీడు కొండల మధ్య మామిడి తోట ఉంది, అందులో రెండు గదుల పెంకుటిల్లు ఉంది. పాపం ఆయనే తాళం ఇచ్చి శుక్రవారం నుంచి సోమవారం దాకా ఉండి రమ్మన్నాడు. నాన్నకి సెలవు లేదు. అమ్మా నేనూ బయల్దేరాం.

అసలు కారణం అన్న. రెండేళ్ళ కిందట మేము ఎకరం మిరప కౌలుకి వేశాం. అన్న గడ్డిమందు కొట్టిన డబ్బా కడగకుండా, అందులోనే పురుగుమందు కలిపి మిరపకి కొట్టాడు. నాలుగు రోజుల్లో చేను చేనంతా పండుబారింది. నాన్న గట్టు మీద కూలీలందరి ముందూ చెప్పుతో కొట్టాడు. అమ్మ కూడా ఆ కోపంలో, "నువ్వు నా కడుపున ఎందుకు పుట్టావురా" అంది. అన్న డబ్బా అక్కడే పడేసి రోడ్డెక్కాడు. ఇప్పుడు నాగపూర్ వైపు తిరిగే లారీల మీద క్లీనరు. అప్పుడప్పుడు ఎవరెవరి ఫోన్లోంచో నాకు చేస్తాడు. నాన్న ఊసు తను ఎత్తడు. "అమ్మ ఇంకా అదే మాట మీద ఉందా?" అని మాత్రం ప్రతిసారీ అడుగుతాడు. లేదని నేను చెబితే నమ్మడు. అమ్మ నోటితో వినాలంటాడు. అమ్మేమో ఫోను చెవి దగ్గర పెడితే ఏడుపు తప్ప మాట రాదు. అందుకని లోయకి వెళ్ళే సంగతి అన్నకి చెప్పాను. సోమవారం గుంటూరు యార్డులో మిరపకాయల లోడు ఉంది, ఆదివారం ఖాళీ, ఎక్కడ కలవాలో మెసేజ్ పెడతానన్నాడు.

శుక్రవారం పొద్దున పేటలో బస్సెక్కి ఎడ్లపాడులో దిగి, అక్కడి నుంచి షేర్ ఆటోలో వెళ్ళాం. మనిషికి పది రూపాయలు. రోడ్డుకి రెండు పక్కలా పత్తికట్టె పీకేసిన చేలు, కళ్ళాల్లో ఎర్రగా ఆరబోసిన కాయలు. ఆటోలో అందరూ తుమ్ముతూనే ఉన్నారు. కొండల మలుపు తిరిగాక ఘాటు తగ్గి చల్లగాలి తగిలింది. అమ్మ గట్టిగా ఊపిరి పీల్చి, "ఇక్కడ దగ్గు రావట్లేదురా" అంది. తోట కాపలా చూసే సుబ్బమ్మ మామ్మ గేటు తీసింది. డెబ్బై ఏళ్ళుంటాయి, గొంతు మాత్రం మైకులాగా ఉంటుంది. "ఏందమ్మాయ్, పిల్లోడు మాట్లాడడేంది? నోట్లో పొగాకు పెట్టుకున్నాడా?" అంది. నేను తల దించుకున్నాను. కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నాకు నాలుక తిరగదు. అడ్రసు అడగడం కన్నా రెండు మైళ్ళు ఎక్కువ నడవడమే నయమనిపిస్తుంది.

శనివారం పొద్దున ఊళ్ళో పాత గుడి చూశాం. సాయంత్రం ఇంటి వెనక కొండ ఎక్కాం. రాతి మెట్లు చాలా పాతవి, కొన్ని ఊగుతాయి. చెప్పులకి పట్టు ఉండాలి. దారిలో పెద్ద పెద్ద గోడలు, సగం పడిపోయిన ఒక గుమ్మం. పైన మూడు చెరువులున్నాయట కానీ గుమ్మం దగ్గరికే అమ్మకి ఆయాసం వచ్చి కూర్చుండిపోయింది. అక్కడి నుంచి చూస్తే లోయంతా కనిపిస్తుంది. "దీన్నేమంటారు అత్తా?" అని దిగాక అమ్మ అడిగింది. "దుర్గం అంటాం. రాజుల కాలంది. మా పెళ్ళిలో ఊరేగింపు ఈ మెట్ల దాకా వచ్చిందిలే" అని మామ్మ నవ్వింది. నేను ఆరో తరగతి మధ్యలో మానేశాను. దుర్గం అంటే దుర్గమ్మ పేరేమో అనుకున్నాను. ఆ గోడలు పాత గుడి ప్రహరీ అనుకున్నాను.

తోటలో సిగ్నలు ఉండదు. బోరు మోటారు గది కప్పు ఎక్కితే రెండు గీతలు వస్తాయి. చీకటి పడే ముందు ఎక్కాను. కొత్త నంబరు నుంచి మెసేజ్ ఉంది. అందరూ పంపినట్టే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "repu 10 ki kota konda metla daggara. amma ni teesukura." తిరిగి చేస్తే స్విచ్ ఆఫ్. ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాను. కోట కొండ. మెసేజుల్లో అక్షరాలు మింగేయడం మామూలే కదా, మధ్యలో ఉండే 'ppa' మింగేశాడనుకున్నాను, ఆ పిలు రెండూ. చిన్నప్పటి నుంచి శివరాత్రికి మేము నడిచి వెళ్ళే కోటప్పకొండ. దానికీ మెట్లున్నాయి. నా తలలో వేరే కొండ లేదు.

దిగొచ్చి అమ్మకి చెప్పాను. అమ్మకి చదువు రాదు.

"కోటప్పకొండా? అంత దూరం ఎందుకు రమ్మన్నాడ్రా? ఇక్కడికే రావచ్చుగా?"

"మిల్లోళ్ళ తోట కదమ్మా. నాన్నకి తెలుస్తదని అయ్యుంటది."

"ఇంకోసారి చదవరా సరిగ్గా."

"చదివా కదమ్మా! నాకు తెలీదా?"

అమ్మ లేచింది. మామ్మ దగ్గర రోలు అడిగి మినప సున్నుండలు చేసింది. అన్నకి అవంటే ప్రాణం.

ఆదివారం తెల్లవారి ఆరింటికే బయల్దేరాం. గేటు దగ్గర మామ్మ ఎదురొచ్చింది. "ఏందిరా అబ్బాయ్, తిరణాల అయిపోయి నెలైంది, ఇప్పుడు కోటప్పకొండ ఏంది? ఇంటెనక ఇంత కొండ పెట్టుకుని, ఇంకో కొండకి చార్జీలు పెట్టుకుని పోయేవాళ్ళని మిమ్మల్నే చూశా!" అంది. అన్న సంగతి ఎవరికీ తెలియకూడదని అమ్మ, "ఊరికే, సరదాగా చూసొస్తాం అత్తా" అంది. ఆ సమయంలో నేను నోరు తెరిచి, మామ్మా, ఇక్కడ కోట కొండ అని ఏదన్నా ఉందా అని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. ఆవిడ వేలు ఎత్తి ఇంటి వెనక్కి చూపించేది.

కొండవీడు నుంచి ఫిరంగిపురానికి ఆటో, అక్కడి నుంచి నరసరావుపేటకి బస్సు, అక్కడ మళ్ళీ ఆటో. ఇద్దరికీ అన్నీ కలిపి వంద లోపే అయింది. తొమ్మిదిన్నరకి కొండ కింద ఉన్నాం. ఆటో అతను మాటకారి. "ఏం తమ్ముడూ, తల దువ్వుకుని పౌడరేసుకుని వచ్చావ్, మొక్కా, పెళ్ళిచూపులా?" అన్నాడు. వెనక కూర్చున్న ఆడవాళ్ళు నవ్వారు. నాకు చెవులు కాలిపోయాయి. "సందేహం లేదు, సిగ్గుపడుతున్నాడంటే పెళ్ళిచూపులే" అని తనే తేల్చేశాడు. తర్వాత అమ్మకి కొండ గురించి చెప్పుకొచ్చాడు. "ఈ కొండ మీద కాకి వాలదమ్మా. కావాలంటే చూడు, ఒక్కటి కనపడితే నా ఆటో నీకిచ్చేస్తా."

వాహనాలకి పైదాకా ఘాట్ రోడ్డు ఉంది. మేము కింద మెట్ల మొదట్లోనే కూర్చున్నాం. ఎక్కే ఓపిక ఉన్నవాళ్ళకి ఏడొందలకి పైనే మెట్లు, ఎండ ఎక్కకముందే మొదలుపెట్టాలి, చేతిలో తినేవి ఉంటే కోతులు వదలవు. పదయింది. ప్రతి ఆటోకి అమ్మ లేచి నిలబడింది. పదకొండుకి, పొడుగ్గా, అన్న లాగే కొంచెం గూని నడకతో ఒకడు వస్తుంటే అమ్మ నాలుగు అడుగులు పరిగెత్తింది కూడా. వాడు కాదు. పన్నెండుకి కొబ్బరికాయల కొట్టు ఆవిడ, "ఎవరి కోసమమ్మా?" అంది. అమ్మ, "మా పెద్దోడు" అని ఆగిపోయింది. ఒక కోతి వచ్చి సంచిలోంచి సున్నుండ లాక్కుపోయింది. నేను రాయి తీశాను. "పోనీరా, ఎవరో ఒకరు తినాలిగా" అంది అమ్మ.

నేను మూడు సార్లు ఆ నంబరుకి చేశాను. స్విచ్ ఆఫ్. రెండు దాటాక అమ్మ తల ఎత్తి ఆకాశం చూసింది. "కాకి అరిస్తే చుట్టం వస్తాడంటారు. కాకే లేని చోట కూచోబెట్టావు కదరా" అంది. నవ్వబోయింది కానీ దగ్గు వచ్చింది. లోయకి వచ్చాక అదే మొదటిసారి. మూడింటికి లేచాం.

ఆరింటికి తోట చేరాం. మామ్మ అరుగు మీద కూర్చుని కమలాపండు ఒలుచుకుంటోంది. పక్కన సంచిలో ఇంకో పది ఉన్నాయి.

"రండి రండి. పొద్దున్నుంచీ కాకులు ఒకటే గోల, ఎవరొస్తారా అనుకున్నా. పిల్లోడెవరో వచ్చాడు. పొద్దున పది కాకముందే దుర్గం మెట్ల కాడ కూచున్నాడు. ఎండలో పాపం, మూడింటిదాకా కదల్లా. మజ్జిగ ఇచ్చి, ఎవరి కోసంరా నాయనా అంటే చెప్పడు."

అమ్మ గేటు పట్టుకుని ఆగింది. "ఎట్టా ఉన్నాడత్తా?"

"బక్కోడు. గూనిగా నడుస్తాడు. పోయేముందు, తోటింట్లో ఎవరన్నా దిగారా మామ్మా అన్నాడు. దిగారు, తల్లీ కొడుకూ, పొద్దున్నే కోటప్పకొండకి సరదాగా పోయారని చెప్పా. ఎవరు, వాళ్ళమ్మేనా పోయింది అన్నాడు. ఆమే నాయనా, నవ్వుకుంటా పోయిందని చెప్పా. ఈ పళ్ళు నాగపూర్‌వంట, ఎవరికో తెచ్చా, వాళ్ళు రాలేదు, నువ్వు తిను మామ్మా అని ఇచ్చి పోయాడు. మంచి పిల్లోడు. తియ్యగా ఉన్నయ్, తీసుకో అమ్మాయ్."

అమ్మ ఒక పండు తీసుకుంది. ఒలవలేదు. నేను మోటారు గది వైపు పరిగెత్తాను. కప్పు మీద మెసేజ్ వచ్చింది, వేరే నంబరు నుంచి. "amma ki kotappakonda bagunda ani adugu." పిలు రెండూ వేశాడు. ఒక్క అక్షరం మింగలేదు. మామూలుగా అయితే వాడు దాన్ని కోటయ్య కొండ అంటాడని అప్పుడు గుర్తొచ్చింది.

ఆ నంబరుకి చేస్తే ఎవరో డ్రైవరు ఎత్తాడు. "ఆ కుర్రాడా? గుంటూరులో దిగిపోయాడు. వేరే బండి చూసుకుంటా, ఈ లైను వద్దన్నాడు. ఏ బండో నాకు తెల్వదు" అన్నాడు. తెల్లవారి యార్డుకి వెళ్ళాం. అన్ని లారీలూ, టిక్కీలనే మిరప బస్తాల వరసలన్నీ తిరిగి చూశాం. తుమ్ములు తప్ప ఏమీ దొరకలేదు. అమ్మకి అంతా చెప్పాను. దుర్గం అంటే కోటేనని యార్డులో ఎవరో చెబితే అప్పుడు తెలిసిందని కూడా చెప్పాను. అమ్మ కొట్టలేదు. "నీ తప్పేముందిలేరా. బడి మానిపించింది మేమేగా" అంది. కొట్టినా బాగుండేది.

ఇది జరిగి ఏడు నెలలయింది. అన్న నుంచి ఏమీ రాలేదు. డబ్బా కడగకపోవడం వాడి తప్పు, మాట అడగకపోవడం నా తప్పు. వాడి తప్పుకి ఒక పంట పోయింది, మళ్ళీ వేస్తే వస్తుంది. అమ్మ మిల్లు నుంచి రాగానే ఫోను వైపు చూసి, "ఏమన్నా వచ్చిందా?" అంటుంది. ఆ లోయ ఎవరన్నా పొగిడితే ఆవిడ లేచి లోపలికి పోతుంది. మీరు వెళ్ళేటట్టయితే చెప్పేది ఒకటే. మీరు చూడాలనుకున్న కొండనీ గుడినీ అక్కడి వాళ్ళు ఏ పేరుతో పిలుస్తారో, దిగిన రోజే, సిగ్గయినా సరే, నోరు తెరిచి అడగండి. ఇది కూడా ఏ నెట్ సెంటరులోనన్నా అన్న చదువుతాడేమోనని పెడుతున్నాను. అమ్మ ఆ రోజు ఐదున్నర గంటలు ఎదురుచూసిందని వాడికి తెలియాలి.

సరే, మీరు చెప్పండి. కోట కొండ మెట్ల దగ్గరికి రమ్మంటే, మీరైతే ఏ కొండకి వెళ్ళేవాళ్ళు?