జీళ్లపాకంలో గ్రీకు కేకు

ఆ రోజుల్లో రంగూన్‌లో నాలాంటి కుర్ర గుమాస్తాలకి పని తక్కువ, గొప్పలు ఎక్కువ. చౌక్తడా పేటలో ఒక గ్రీకు దొర కొట్లో చేసేవాణ్ణి. (నా పనల్లా పెట్టెల మీద అంటించిన చీటీలు చదవడం. బయట మాత్రం కొట్టంతా నేనే నడుపుతున్నట్టు చెప్పుకునేవాణ్ణి.) ఒకసారి దొరగారింటికి కాగితాలు పట్టుకెళితే దొరసాని నాకొక కమలాపండు కేకు ముక్క పెట్టింది. పల్చటి పాకంలో నానిన కేకు అది. నోట్లో పెట్టీ పెట్టగానే నమిలే పని లేకుండా గొంతు దిగిపోయింది. ముక్క ఆ పూటే అరిగిపోయింది గానీ, దాని గురించి నేను చెప్పుకునే గొప్పలు మాత్రం నెలల తరబడి అరగలేదు.

సరిగ్గా అప్పుడే నాకొక సంబంధం వచ్చింది. పిల్ల తండ్రి రంగూన్ పక్కనున్న ఇన్సేన్ రైలు వర్క్‌షాపులో మేస్త్రీ. పిల్లని అంతకుముందే ఒక పెళ్లి బంతిలో వడ్డిస్తుండగా చూశాను. అప్పట్నుంచీ మా ఇంట్లో అన్నం సయించడం మానేసింది. మేస్త్రీకీ నేను నచ్చాను. అడ్డల్లా ఆయన తల్లి. ఆ ముసలమ్మ నోటికి ఆగిన పెళ్లికొడుకు లేడు. ఒకడికి చెవులు పెద్దవంది, ఇంకొకడు నవ్వితే గుర్రం గుర్తొస్తోందంది. ఇదంతా తెలిసి కూడా మేస్త్రీ దగ్గర నోరు జారాను. "మా ఇంట్లో ఆదివారం పూట దొరల మిఠాయిలేనండి" అనేశాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"అలాగయితే వచ్చే ఆదివారం మాయమ్మని తీసుకొత్తాను బావూ. తీపంటే ఆవిడికి పేనం" అన్నాడు.

మర్నాడే దొరసాని దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ వచ్చీరాని హిందుస్తానీలో, సగం చేతి సైగలతో చెప్పింది. పిండిని కాగితంలా సాగదీసి, ఎండబెట్టి, చింపి, గుడ్లూ పెరుగూ నూనే కమలారసం కలిపి కాల్చాలి. వేడి కేకు మీద చల్లారిన పల్చటి పాకం పోయాలి. నన్ను పెంచిన మేనత్త ఇదంతా విని ముక్కున వేలేసుకుంది. "ఎండబెట్టినాక మల్లీ సింపడమేటిరా? మతుండే సేత్తన్నారా మీ దొరలు?" అంది. (మా వీధిలో మా అత్త చేసే జీళ్లకి పెద్ద పేరు. పాకం విషయంలో ఎవరి మాటా వినదు.) ఆదివారం పొద్దున్నే గిన్నె కిందా మూత మీదా నిప్పులు పోసి కేకు కాల్చాం. వాసన వీధి చివరి దాకా వెళ్లింది. పాకం పొయ్యి మీద పెట్టి, "అత్తా, పొంగగానే దించెయ్యి" అని మరీ మరీ చెప్పి, చుట్టాల కోసం స్టేషనుకి వెళ్లాను.

వాళ్లని కూర్చోబెట్టి వంటింట్లోకి వచ్చేసరికి అత్త విజయగర్వంతో నిలబడి ఉంది.

"నీ దొరసానికి పాకం పట్టడం రాదురా! నీల్లలాగుంటే మన పరువేటి కావాల? ముదరబెట్టి పోసినాను. ఉండ సేసి కంచానికేసి కొడితే ఖంగుమన్నాది!"

నా గుండె కూడా ఖంగుమంది. కేకు మీద పాకం అద్దంలా బిగుసుకుపోయింది. చాకు దిగలేదు. ఆఖరికి అత్త కత్తిపీట మీదెక్కి కూర్చుని, కొబ్బరికాయ పగలగొట్టే చప్పుడుతో ముక్కలు చేసింది. నా పెళ్లి ఇక్కడితో సరి అనుకుంటూ, పళ్లెం పట్టుకెళ్లాను.

ముసలమ్మ అన్నిటికన్నా పెద్ద ముక్క తీసి బుగ్గన పెట్టుకుంది. నన్ను పైనుంచి కిందికి చూసింది. ఏదో అనబోయింది. దవడ కదల్లేదు. మళ్లీ ప్రయత్నించింది. కళ్లు పెద్దవయ్యాయి గానీ మాట బయటికి రాలేదు. మేస్త్రీ తన ముక్కని బల్లకేసి ఒకసారి తట్టి, విని, తల్లి వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఆ మీసాల కింద నవ్వు ఇప్పటికీ నాకు గుర్తే.

"ఇంకో ముక్క తినమ్మా" అని ప్రేమగా ఆవిడ చేతిలో పెట్టి, మా అత్త వైపు తిరిగాడు. "మాయమ్మ కాదన్లేదు. అందరూ సూసినారు. తమలపాకులు తెండమ్మా, మంచిమాట అనేసుకుందాం."

రైలు ఇన్సేన్ చేరాక గానీ ఆవిడ నోరు విడలేదట. విడగానే అన్న మాట పెళ్లయ్యాక మా ఆవిడ చెప్పింది: "వొట్టి కోతల మనిసిరా ఆడు! వొద్దనే సెప్పబోనాను!"

తర్వాత మా ఆవిడ దొరసాని పద్ధతిలో పల్చటి పాకంతో ఆ కేకు ఎన్నోసార్లు చేసింది. దూదిలా ఉంటుంది. కానీ అత్త పోయాక, అత్త పద్ధతిలో ముదురు పాకంతో చేసిన ముక్కలు కొన్ని ఎప్పుడూ డబ్బాలో ఉంచుతుంది. ఇంటికి కుర్రాళ్లెవరైనా వస్తే నేను రంగూన్ కబుర్లు మొదలుపెడతాను. కొట్టంతా నేనే నడిపేవాణ్ణి అనే చోటికి రాగానే మా ఆవిడ లోపల్నుంచి పళ్లెం తెచ్చి, "ఒక ముక్క తినండి" అంటుంది, ప్రేమగా. ఆ తండ్రి కూతురే కదా. నాకు ఇప్పుడు పళ్లు లేవు. పాపం ఆ ముసలమ్మ నిజమే చెప్పబోయింది, చెప్పగలిగి ఉంటే నా బతుకు ఎంత చప్పగా గడిచేదో అనుకుంటూ, మారు మాట్లాడకుండా చప్పరిస్తాను.