పలకల మీద ఎర్ర నూలు

మా ఇంట్లో కరెంటు పోతే అందరి చూపూ బాపు మంచం వైపే. నారాయణపేట చీరలు నేసీ నేసీ ఊపిరితిత్తులు పాడైన మనిషి. ఇప్పుడు గాలి అందాలంటే ఆక్సిజన్ మిషన్ నడవాలి. అందుకే మిద్దె మీద సోలార్ పలకలు, కింద బ్యాటరీలు పెట్టించాను. వానలు మొదలయ్యేలోపు వాటిని పరీక్షించకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు. మగ్గం మీద ఇప్పుడు అమ్మ కూర్చుంటుంది. పురమాయింపులు మాత్రం మంచం మీద నుంచి బాపువే.

పొద్దుగూకే వేళ అవసరానికి ఆక్సిజన్ సిలిండర్ పక్కన పెట్టుకుని మెయిన్ స్విచ్ ఆపాను. మిషన్ కాసేపు నడిచి కీచుమని ఆగిపోయింది. మర్నాడూ అంతే. పలకలు బిగించిన అతనికి ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టాను.

"మేడం, పలకల మీద దుమ్ము గిట్ల ఉన్నదేమో జర చూడుండ్రి," అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. రోజూ బడికి పోయే ముందు వాటిని అద్దంలా తుడిచేది నేనే.

మూడో రోజు ఉండబట్టలేక సగం పూట సెలవు పెట్టి వచ్చి మిద్దె ఎక్కాను. పలకలు కనబడలేదు. వాటి నిండా అప్పుడే రంగు అద్దిన ఎర్ర నూలు చిలపలు, చుట్టలు చుట్టలుగా, పరిచి ఉన్నాయి. అమ్మ వాటిని తిప్పి వేస్తోంది.

"గీడెందుకేసినవమ్మా?"

"తీగ మీదేస్తే కోతులు పీకుతున్నయి. గచ్చు మీద దుమ్ము. గివైతే నువ్ రోజూ తుడుస్తవు గద, సాఫుగుంటయి. మీ బాపే చెప్పిండు."

కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి. ఎవరి ఊపిరి కోసం ఈ తంటాలన్నీ పడుతున్నానో, ఆ మనిషే ఎండకు అడ్డం వేయించాడు. చిలపలన్నీ లాగి గోడ నీడలో కుప్ప పోశాను.

ఆ సాయంత్రం మళ్లీ మెయిన్ ఆపాను. మిషన్ ఆగలేదు. చాలాసేపు చూశాను, అయినా ఆగలేదు.

"నడుస్తాంది బాపూ. ఇగ ఫికర్ లేదు," అన్నాను.

ఆయన మిషన్ వైపు చూడనే లేదు. "నూలు ఆరిందా బిడ్డా?" అన్నాడు.

ఆరిందని అబద్ధం చెప్పాను. ముక్కుకున్న గొట్టం సర్దుకుని బాపు చెయ్యి చాపాడు.

"ఏదీ, ఒక చిలప తే."