తలకు నీళ్లు పోసేదాకా

మా అన్న మందు మరిచిపోయి చచ్చిపోలేదు. ఎవరైనా అట్లా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చూలై అనే పేటలో చిన్న లేత్ షాపు నడిపేవాడు. తొంభైల చివర్లో, చనిపోయిన ఎవరిదో గుండె తెచ్చి అతనికి పెట్టారు. ఒళ్లు ఆ గుండెను పరాయిదని తరిమెయ్యకుండా బతికినన్నాళ్లూ మందు తాగాలన్నారు డాక్టర్లు. నూనెలా జిడ్డుగా, వాసన కొట్టే మందు. గాజు గ్లాసులో పాలు పోసి, కలుపుకొని, పొద్దునా సాయంత్రమూ తాగాలి. దాంతో చేతులు వణికేవి, చిగుళ్లు వాచేవి, మొహం నిండా వెంట్రుకలు మొలిచాయి. "కోతినై పోతాండానే" అని నవ్వేవాడు గానీ పూట తప్పించేవాడు కాదు. పెళ్లిళ్లకు వెళ్లినా వదిన సంచిలో ఆ గ్లాసు ఉండేది. చెప్పిన మాట వినే మనిషి. డాక్టరు మాటా వినేవాడు, మా అమ్మ మాటా వినేవాడు. అదే కొంప ముంచింది.

అన్న పోయిన ఆ ఎండాకాలం, నేను కాపురముండే వ్యాసర్పాడి నుంచి అతన్ని చూసిపోదామని వెళ్లాను. వాకిట్లో వేపమండలు కట్టి ఉన్నాయి. ఇంట్లో ఎవరికో అమ్మవారు పోసిందన్నమాట. లోపల వేపాకు పరిచిన చాప మీద అన్న పడుకొని ఉన్నాడు, ఒళ్లంతా పొక్కులు. అమ్మ పక్కన కూర్చుని వేపరెమ్మతో విసురుతోంది. గాజు గ్లాసు అలమరలో బోర్లించి ఉంది.

"మందు తాగినాడా?" అని వదినను అడిగాను. వదిన మా అమ్మ వైపు చూసింది. పొక్కులు లేచిన నాటి నుంచీ ఆ గ్లాసు అట్లాగే ఉందట.

"అమ్మవారు ఇంటికొచ్చి ఉండాది. ఆమె ఎదురుగా ఇంగ్లీషు మందు తాగుతారా ఎవురైనా? పొక్కులు ఎండి తలకు నీళ్లు పోసినాక తాగుతాడు లే," అంది అమ్మ.

"నీకేమన్నా మతి పోయిందా? డాక్టరును అడిగినారా?"

"మెల్లగా మాట్లాడవే! అమ్మవారు ఉండే ఇంట్లో గొంతు లేపకూడదు."

మా ఇళ్లల్లో కట్టుబాటు అదే. మందు ముట్టరు, పోట్లాడరు. పైగా అన్నకు గుండె దొరకాలని అమ్మ మొక్కుకుంది ఆ అమ్మవారికే. గుండె ఇచ్చిన తల్లి ఇంటికొస్తే మందు తాగి అవమానిస్తామా అని ఆమె బాధ.

వీధి చివర ఫోన్ బూత్‌కు పరుగెత్తాను. ఆసుపత్రిలో నర్సు కంగారు పడింది. అతనికి పొక్కులే ప్రమాదం, మందు మానడం ఇంకా ప్రమాదం, వెంటనే తీసుకురమ్మంది. తిరిగొచ్చి అన్న చెవిలో ఏడుస్తూ చెప్పాను.

"రేపే గదమ్మా నీళ్లు పోసేది. ఒక్కరోజుకు ముసిల్దాన్ని ఏడిపించేదెందుకు?" అన్నాడు.

మర్నాడు వేపాకూ పసుపూ వేసి ఎండలో పెట్టిన నీళ్లు పోశారు. అన్న ఉతికిన చొక్కా వేసుకొని, గ్లాసు తెప్పించుకొని మందు తాగాడు. "చూసినావా, ఏమైంది నాకు?" అన్నాడు. సాయంత్రానికి రెండు మెట్లు ఎక్కలేక ఆయాసపడ్డాడు. కాళ్లు ఉబ్బాయి.

ఆసుపత్రిలో డాక్టరు అడిగితే అన్న ఏదీ దాచలేదు. ఆయన మందు మానిన రోజులు లెక్కపెట్టి కేసు కాగితం మీద రాసుకున్నాడు. పచ్చికూరలు తినొద్దని, జనంలో తిరగొద్దని అన్నీ చెప్పిన మనిషే. అమ్మవారు పోస్తే మీ ఇంట్లో ఏం చేస్తారని అడగాలని ఆయనకు తట్టలేదు. అన్న మళ్లీ ఇంటికి రాలేదు.

మరుసటి ఎండాకాలం మా పాపకు అమ్మవారు పోసింది. అమ్మ చూలై నుంచి వచ్చి, తనే వేపమండలు కట్టి, పాప పక్కన కూర్చుంది.

"డాక్టరు ఇచ్చిన మాత్ర యాడుండాదే?" అంది.

తెల్లబోయి తెచ్చిచ్చాను. తన చేత్తో పాప నోట్లో వేసి, నీళ్లు తాగించి, మింగిందో లేదో నోరు తెరిపించి చూసింది.

నాకు పట్టరాని కోపం వచ్చింది. ఆ చేత్తోనే అన్నకు ఒక్క గ్లాసు ఇచ్చి ఉంటే! అమ్మ నా మొహం చూసింది.

"తిట్టవే. గొంతు లేపి తిట్టు. ఈ తూరి నేనేమీ అనను," అంది.

నేను ఆమె చేతిలోంచి నీళ్ల గ్లాసు తీసుకొని, సాయంత్రం మాత్రకు మళ్లీ నింపి పాప పక్కన పెట్టాను.